మౌస్ పిల్లల చేతికివ్వండి

సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీకి గర్వంగా చెప్పుకునే జ్ఞాపకం ఒకటుంది. షికాగో ప్రయాణానికి కొద్ది నెలల ముందు, 1893 ఫిబ్రవరి 13న, వివేకానందుడు అక్కడ ప్రసంగించాడు. దాదాపు వెయ్యిమంది విన్నారు. అంతటి వక్త దొరికితే వినడమే చదువు. ఆరో తరగతి భిన్నాలు, పదో తరగతి విద్యుత్ వలయాలు మాత్రం వింటే వచ్చేవి కావు. చేయాలి, తప్పాలి, మళ్లీ చేయాలి.

మన బడుల్లోకి వచ్చిన డిజిటల్ సరంజామా ఇప్పటిదాకా ఎక్కువగా వినిపించే పనే చేసింది. కోవిడ్ వేళ తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. బడులకు తాళాలు పడ్డ రోజుల్లో అంతకన్నా దారి లేదు. కానీ తాళాలు తీశాక కూడా పద్ధతి మారలేదు. 2022లో రూ.7,289 కోట్ల అంచనాతో, 26,065 బడుల కోసం ‘మన ఊరు–మన బడి’ మొదలైంది. నగరంలో అదే ‘మన బస్తీ–మన బడి’. అందులోని 12 అంశాల్లో డిజిటల్ తరగతి ఒకటి. అంతకుముందే, 2017 సెప్టెంబరు 5న మొదలైన ‘దీక్ష’ డిజిటల్ పాఠాల వేదికకు దారితీసే క్యూఆర్ కోడ్లు పాఠ్యపుస్తకాల్లో చేరాయి. స్కాన్ చేస్తే చాలాసార్లు తెరుచుకునేది వీడియోనే. డిజిటల్ తరగతిలోని టచ్ ప్యానెల్ మీద వీడియో పెట్టి టీచరు పక్కన నిలబడితే, అది గోడకు తగిలించిన పెద్ద టీవీ.

వెబ్ చేయగలిగిన పని వేరు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ సిమ్యులేషన్లే చూడండి. బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి, పైసా ఖర్చు లేదు. బ్యాటరీ, తీగలు, బల్బు, స్విచ్‌లను విద్యార్థే లాగి కలపాలి. తీగను తిన్నగా బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే తెర మీద మంటలు లేస్తాయి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో అప్పుడు ఎవరూ నిర్వచనం చెప్పక్కర్లేదు. ల్యాబులో కాలిపోయే సామానూ లేదు, తిట్టే అటెండరూ లేడు.

తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం ఇళ్లలో మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే సికింద్రాబాద్‌లో దీనికి ఇంకో లాభం ఉంది. ఈ సిమ్యులేషన్లలో కొన్నింటికి ఈ భాషల అనువాదాలున్నాయి. సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చినప్పుడు, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు అచ్చేశారు. ఆ వెసులుబాటు తెర మీద ఇంకా తేలిక.

ఇదంతా అమెరికా ముచ్చట, మన బడుల్లో కుదరదనేవారు ‘క్లిక్స్’ అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి. టాటా ట్రస్ట్స్, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ కలిసి 2015లో చేపట్టిన ఈ కార్యక్రమం తెలంగాణ సర్కారు ఉన్నత పాఠశాలల్లో కూడా నడిచింది. గణితం, సైన్సు, ఇంగ్లిష్ పాఠాంశాలను హిందీ, ఇంగ్లిషుతోపాటు తెలుగులోనూ తయారుచేశారు. నెట్ రాని బడి ఆగిపోకూడదని బడిలోనే సర్వర్ పెట్టారు. కలిసి నేర్చుకోవడం, తప్పుల నుంచి నేర్చుకోవడం అన్నవి దాని మూల సూత్రాలు. టీచర్లకు విడిగా సర్టిఫికెట్ కోర్సు నడిపారు. 2017 సంవత్సరానికి యునెస్కో కింగ్ హమద్ బహుమతి దానికి దక్కింది. అంటే నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

పరికరాలు పంచితే చదువు దానంతటదే రాదు. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచాక జరిపిన అధ్యయనంలో గణితం, భాషల మార్కులు పెరగలేదు. ఢిల్లీలో మాత్రం, విద్యార్థి స్థాయిని బట్టి ప్రశ్న మార్చే ‘మైండ్‌స్పార్క్’ కేంద్రాల్లో నాలుగున్నర నెలలకే గణితంలో, హిందీలో గట్టి మెరుగుదల కనిపించిందని కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. రెండుచోట్లా యంత్రాలున్నాయి. విద్యార్థి జవాబును పట్టించుకునే ఏర్పాటు రెండోచోటే ఉంది.

తెరల మీద అనుమానాలు అకారణమైనవి కావు. స్వీడన్ ప్రభుత్వం 2023లో అచ్చు పుస్తకాలవైపు మళ్లీ మొగ్గింది. యునెస్కో నివేదిక కూడా అదే ఏడాది జాగ్రత్త చెప్పింది. గ్రామీణ భారతంలో ఫోన్ వాడకం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో, సర్వేకు ముందు వారంలో 57 శాతం మంది దాన్ని చదువుకు వాడితే, 76 శాతం మంది సోషల్ మీడియాకు వాడారని అసర్–2024 విద్యా సర్వే లెక్క. ఇంట్లో ఒంటరిగా ఫోన్ చూసే అలవాటుకు ఇవి హెచ్చరికలు. బడిలో, టీచరు కళ్లెదుట, ఇద్దరు ముగ్గురు వాదించుకుంటూ ఒకే తెర మీద పావుగంట చేసే ప్రయోగాన్ని ఆ గాటన కట్టడం సరికాదు.

సిలబస్ పూర్తికాదన్న టీచర్ల బెంగ మాత్రం నిజమైనది. పదో తరగతి పరీక్ష నెత్తిన ఉండగా అదనపు పనిగా ఏది ఇచ్చినా నడవదు. కాబట్టి విద్యాశాఖ పనిని పెంచకుండా మార్చాలి. ఒక్కో యూనిట్‌లో ఒక ఉపన్యాసం పీరియడ్ తీసేసి, దాని స్థానంలో ఒక సిమ్యులేషన్ పీరియడ్‌ను టైంటేబుల్‌లోనే రాయాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదివే సమయంలో కొంత తగ్గించి, టీచర్లే ఆ ప్రయోగం చేసి చూడాలి. నెట్‌ను నమ్ముకోకుండా పాఠాంశాలను బడి కంప్యూటర్లలోనే నింపాలి.

కొనుగోళ్లలోనూ ఒక షరతు ఉండాలి. 2020 చివర్లో ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు మద్దతు ఆగిపోయినప్పుడు దాని మీద కట్టిన పాఠాలు తెరుచుకోకుండా పోయాయి. మామూలు బ్రౌజర్‌లో నడవని, టీచరు మార్చుకోవడానికి వీల్లేని సాఫ్ట్‌వేర్‌కు ప్రజాధనం ఖర్చు చేయకూడదు. ఇక తనిఖీకి వచ్చే అధికారి ప్యానెల్ ఆన్ అవుతోందా అని చూసి సంతకం పెట్టి వెళ్లకుండా, ఈ వారం దాన్ని ఎంతమంది పిల్లలు ముట్టుకున్నారో అడిగి రిజిస్టర్‌లో రాయాలి.