మందు గాలికి పోతే నష్టం ఎవరిది?

బందరు కోర్టులో గట్టు తగాదాలు, బోదె తగాదాలు వాదించే లాయర్ని నేను. దివిసీమ రైతుల నోట ఇప్పుడు కొత్త ప్రశ్న వింటున్నాను. పక్క చేలో డ్రోన్‌తో మందు కొట్టారు, మా చెరువులో రొయ్య చచ్చింది, కేసు ఎవరి మీద వేయాలండీ అని.

నాగాయలంక, కోడూరు వైపు గట్టుకి అటు వరి, ఇటు వనామీ రొయ్య. పురుగుకి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందు చుక్క చాలు, రొయ్యకి విషం. ఒక రైతు కంగారులో చెరువు నీళ్లు మార్చేశాడు. మిగిలిన రొయ్యల్ని కాపాడుకోవాలంటే ఆయన చేయగలిగింది అదే. కానీ సాక్ష్యం డ్రెయిన్లో కలిసిపోయింది. వైరస్‌తో చచ్చాయని అవతలివాళ్లంటే ఏం చూపిస్తాం? డ్రోన్ ఏ నిమిషాన ఏ చేను మీద ఎగిరిందో లెక్క పైలట్ ఫోన్లోనో కంపెనీ సర్వర్లోనో ఉంటుంది. అది మన చేతికి రాదు.

చట్టం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం నియమాలే దానికి వర్తిస్తాయి. అయినా మందు కొట్టించే ముందు పాలసీ అడిగిన రైతుని నేను చూడలేదు. గాలికి పోయిన మందు ఆ పాలసీలోకి వస్తుందో లేదో కూడా చదివి చూసుకోవాలి. నమో డ్రోన్ దీదీ పథకంలో 80 శాతం దాకా సబ్సిడీతో డ్రోన్ తీసుకున్న స్వయం సహాయక సంఘం మహిళ మీదో, కౌలు రైతు మీదో లక్షల పరిహారం పడితే ఎక్కడ తెచ్చి కడతారు?

ఇలాంటి పొరుగు నష్టం కొత్త కాదు. తొంభైల్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు ఉప్పునీరు చేలల్లోకి ఊరింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ రొయ్యల చెరువుల మీద వేసిన కేసులో, నష్టం చేసినవాళ్లే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. ఈసారి అంతకాలం ఆగలేం.

డ్రోన్ ఎగిరే ముందు రోజే రైతు సేవా కేంద్రంలో మందు పేరు, సర్వే నంబరు, పాలసీ నంబరు రాయించాలి. చెరువున్న పొరుగు రైతుకి కబురు వెళ్లాలి. దగ్గరున్న రుజువు దాచినవాడికి అది వ్యతిరేకమని కోర్టు భావించవచ్చని సాక్ష్య చట్టంలో ఎప్పటినుంచో ఉంది. డ్రోన్ ఎగిరిన లెక్క, అదే ఫ్లైట్ లాగ్, ఇవ్వనివాళ్లకి దాన్నే వర్తింపజేయమని నేను వాదిస్తాను.

రొయ్య తేలితే నీళ్లు మార్చే ముందు సాక్షుల ఎదుట రెండు సీసాల నీళ్లు, కొన్ని రొయ్యలు తీసి సీలు వేయించండి. ఆరోజే ల్యాబ్‌కి పంపండి.