ఇకాలూయిట్ - నూక్ విమాన మార్గము

ఇకాలూయిట్ - నూక్ విమాన మార్గము కెనడాలోని నూనావుట్ ప్రాంతపు రాజధాని ఇకాలూయిట్‌ను, డెన్మార్క్ రాజ్యములో స్వపరిపాలన గల గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌ను కలుపు వేసవి విమాన మార్గము. ఈ రెండు నగరముల మధ్య డేవిస్ జలసంధి ఉన్నది. ఏ నగరము నుండి కూడా ఇతర పట్టణములకు రోడ్డు మార్గము లేదు. అందువలన విమానము ఇక్కడి ప్రజలకు విలాసము కాదు, అవసరము.

దూరము

రెండు విమానాశ్రయముల మధ్య అతి దగ్గరి దారి సుమారు 822 కిలోమీటర్లు. రెండును దాదాపు 64 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నవి. వీటి రేఖాంశముల తేడా సుమారు 17 డిగ్రీలు. భూమధ్యరేఖ వద్ద ఇంత తేడా 1,880 కిలోమీటర్లకు సమానము. ధ్రువము వైపు వెళ్ళేకొద్దీ రేఖాంశములు దగ్గరవుతాయి కనుక ఇక్కడ దూరము అందులో సగము కన్నా తక్కువ. సాధారణ ప్రపంచ పటములలో ఉత్తర ప్రాంతములు సాగి కనిపించుట వలన ఈ దూరము ఉన్నదానికన్నా ఎక్కువగా తోచును.

ప్రయాణ కాలము

గంటకు 500 కిలోమీటర్లకు పైగా వేగముతో పోవు డాష్-8 వంటి చిన్న విమానమునకు ఈ ప్రయాణము రెండు గంటల లోపు పని. నూక్ గడియారము ఇకాలూయిట్ కన్నా మూడు గంటలు ముందుంటుంది. ప్రయాణమునకు గంటా నలభై ఐదు నిమిషములు పట్టినదనుకుంటే, ఇకాలూయిట్‌లో ఉదయము 10 గంటలకు బయలుదేరిన వారు నూక్‌లో మధ్యాహ్నము 2:45కు దిగుతారు. నూక్‌లో 10 గంటలకు బయలుదేరిన వారు ఇకాలూయిట్‌లో 8:45కే, అనగా బయలుదేరిన సమయము కన్నా ముందే దిగుతారు.

నేరు విమానము లేనప్పుడు

ఎయిర్ గ్రీన్‌లాండ్ సంస్థ 2012లో ఈ మార్గమున వేసవి సర్వీసు ప్రారంభించి, కొద్ది సంవత్సరముల తరువాత నిలిపివేసినది. 2024 జూన్‌లో కెనేడియన్ నార్త్ సంస్థ సహకారముతో వారమునకు ఒక సర్వీసుగా తిరిగి ప్రారంభించినది. ఈ సర్వీసు లేనప్పుడు ఒట్టావా, కోపెన్‌హాగెన్ మీదుగా వెళ్ళవలెనన్న కనీసము 11,500 కిలోమీటర్లు తిరగవలెను. ఇది నేరు దూరమునకు 14 రెట్లు. 2024 నవంబరు 28న నూక్‌లో 2,200 మీటర్ల కొత్త రన్‌వే ప్రారంభమైన తరువాత పెద్ద జెట్ విమానములు అక్కడ దిగుచున్నవి. 2025 వేసవిలో న్యూయార్క్ సమీపములోని నెవార్క్ నుండి కూడా నూక్‌కు విమానములు నడిచినవి. అయినను ఒట్టావా, నెవార్క్‌ల మీదుగా వెళ్ళు దారి నేరు దారికి దాదాపు ఏడు రెట్లు.

ప్రాముఖ్యత

జలసంధికి ఇరువైపులా అధిక సంఖ్యాకులు ఇన్యూట్ ప్రజలే. వారి భాషలు ఒకే కుటుంబమునకు చెందినవి. 2022లో హాన్స్ ద్వీపమును పంచుకొనుటతో కెనడా, డెన్మార్క్ రాజ్యముల మధ్య భూసరిహద్దు కూడా ఏర్పడినది. గ్రీన్‌లాండ్‌ను తమ దేశములో కలుపుకొనవలెనని 2025లో అమెరికా అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ పదే పదే ప్రకటించిన తరువాత ఇరుగుపొరుగు సంబంధములకు ప్రాధాన్యత పెరిగినది. 2026 ఫిబ్రవరిలో కెనడా నూక్‌లో కాన్సులేట్ తెరచినది.

అయితే ఇకాలూయిట్ జనాభా 2021 లెక్కల ప్రకారము 7,429 మాత్రమే. నూక్ జనాభా సుమారు 20 వేలు. ఇంత కొద్దిమంది ప్రయాణికులతో సంవత్సరము పొడవునా సర్వీసు నడుపుట ఏ విమాన సంస్థకైనను కష్టము. కనుక ఈ రెండు నగరముల మధ్య దూరమును నిర్ణయించునది పటము కాదు, విమానముల కాలపట్టిక. ఆ వారపు సర్వీసు ఆగిన నాడు రెండు గంటల ప్రయాణము మరల రెండు మూడు రోజుల ప్రయాణమగును.