సాహస శిక్షణ: మానవలసినదా, మార్చవలసినదా?

2024 డిసెంబరు 10న మురుడేశ్వర సముద్రతీరంలో, కోలారు జిల్లా ముళబాగల్ తాలూకా నుండి విహారయాత్రకు వెళ్లిన నలుగురు విద్యార్థినులు మునిగి మరణించారు. వారు ఉన్నత పాఠశాల బాలికలు. అయినను, చిన్న తరగతుల పిల్లలను సైతం బడి గేటు దాటనీయరాదని తల్లిదండ్రులు తలచుటలో ఆశ్చర్యం లేదు.

కాని విహారయాత్ర వేరు, సాహస శిక్షణ వేరు. 2014 మే 25న పదమూడేళ్ల ప్రాయంలో ఎవరెస్టు నధిరోహించిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందినది భువనగిరి కొండపై; హిమాలయం ఆ తరువాతి మాట. ప్రాథమిక తరగతులకు కొండ కూడా అక్కరలేదు. మోకాలెత్తు బండ ఎక్కి దిగుట, నేలపై పరచిన దూలం మీద నడచుట, ఊరి పొలిమేర దాకా కాలినడక చాలును. పడితే మోకాలు గీరుకొనవలెనే గాని అంతకు మించి ప్రమాదం ఉండరాదు.

నేర్పేవారెవరన్నదే అసలు చిక్కు. 2009 విద్యాహక్కు చట్టం ఆటస్థలం ఉండాలన్నది. వ్యాయామ బోధకుని మాత్రం ఆరు నుండి ఎనిమిది తరగతులకు, అదీ నూరుమందికి మించిన బడులకు, పార్ట్‌టైం పద్ధతిన నిర్దేశించింది. చిన్న తరగతులకు ఆ పనీ పాఠం చెప్పే పంతులుదే.

సరిహద్దు పల్లెలలో భాష మరొకటి. తెలుగు పిల్లవానికి ‘ఆగు’ అనగా నిలుచుట. కన్నడంలో అదే మాటకు ‘అగుట’ అని అర్థం. బండ అంచున కేక వేసేవారికి రెండు భాషలూ రావలెను. పెద్దవారొక్కరికి పిల్లలెందరు, స్థలాన్ని ముందుగా చూచివచ్చినదెవరు, దాపున నీరున్నదా అని ఎస్‌డీఎంసీ సమావేశంలో అడిగిన పిదపనే అనుమతి పత్రంపై సంతకం చేయుట మేలు.