జిప్సం కన్నా ముందు మురుగు కాలువ
(వాణిజ్య విలేఖరి)

చౌడు పొలం వల్ల నష్టం రైతుకే అనుకోవడం సరికాదు. ఎరువు, విత్తనం అరువిచ్చిన దుకాణదారుకూ, పంటపై అడ్వాన్సు ఇచ్చిన కమీషన్ వ్యాపారికీ బాకీ తీరవలసింది ఆ పొలం మీదనే. గింజ రాలకపోతే పాత ఖాతా మరుసటి ఏటికి మోయక తప్పదు.

చౌడుకు మందు జిప్సమేనన్న అభిప్రాయం వర్తకులలో బలంగా ఉన్నది. కాని చౌడు రెండు రకాలు. పాలచౌడులో ఉప్పు కరిగే రూపంలో ఉండి, ఎండకు తెల్లగా పైకి తేలుతుంది. మంచినీరు కట్టి కడిగి పంపడమే దీనికి మార్గం, జిప్సంతో పనిలేదు. కారుచౌడులో సోడియం మట్టిని పట్టుకొని ఉంటుంది, నీరు ఇంకదు. ఇక్కడ జిప్సంలోని కాల్షియం సోడియంను విడదీస్తుంది. విడివడిన ఉప్పు నీటితోపాటు పొలం దాటాలి. దాటే దారి లేకపోతే జిప్సంపై పెట్టిన సొమ్ము మట్టిపాలే.

పంజాబ్, హర్యానాలలో జిప్సం లక్షల ఎకరాలను బాగుచేసిన మాట నిజం. అవి కారుచౌడు భూములు. పైగా గొట్టపు బావులు అక్కడి భూగర్భ జలమట్టాన్ని దించాయి. నీరు పైపైనే నిలిచే మన డెల్టాకు ఆ లెక్క సరిపోదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పనుల కోసం 1968లోనే సెస్సు చట్టం వచ్చింది. 1990ల చివర ఇండో-డచ్ పథకం కింద సాగర్ కుడికాలువ ఆయకట్టులోని కొణంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో భూమి లోపల చిల్లుల గొట్టాలు వేసి చూశారు. ఉప్పు తగ్గి, వరి దిగుబడి పెరిగింది.

అయితే గొట్టం నీరు కాలువలో పడాలి, కాలువ పారాలి. పూడిక, గుర్రపుడెక్క నిండిన డ్రెయిను ఎగువ పొలాలన్నిటినీ ముంచుతుంది. ఇది ఒక్క రైతు చేతిలోని పని కాదు.

కనుక మట్టి పరీక్ష చీటీ చూడకుండా జిప్సం అమ్మడం మంచి వ్యాపారం అనిపించుకోదు. ఈ ఏడు బస్తాలు అమ్ముడు పోవచ్చు, వచ్చే ఏడు బాకీ మిగులుతుంది. వేసవిలో డ్రెయిన్ల పూడిక తీయించాలని రైతులతోపాటు వర్తక సంఘాలు కూడా గట్టిగా అడగాలి. ధాన్యం రాబడి పెరిగితే లాభపడేది ఇరుపక్షాలూ కదా!