కూలర్ ఎవరికి?

ఈ వారం ఆవకాయ కొలతల గురించి రాస్తానని కిందటి వారం మాటిచ్చాను. జాడీలు కడిగి ఎండబెట్టాను కూడా. ఈలోగా మా ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. గేమ్స్ ఆడే మగపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇవాళ కాకపోతే రేపు జరిగేదే కాబట్టి, ఆవకాయని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. ఏమీ అనుకోకండేం!

మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఏప్రిల్ ఆఖర్లో ఒక మధ్యాహ్నం నేను మెంతులు వేయిస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, చీటీ డబ్బులు వచ్చాయిగా. కూలర్ కొందామే" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. బెజవాడ ఎండలు మీకు తెలియనివి కావు. మా అత్తయ్యగారి గది పడమటి వైపు. సాయంత్రం గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది. ఆ గదికి కూలర్ కొనాలనే పన్నెండు వేల చీటీ పాడాను.

"మా నాన్నే! నాయనమ్మంటే ఎంత ప్రేమరా నీకు" అన్నాను.

వాడు తెల్లమొహం వేశాడు. "నాయనమ్మకి కాదమ్మా, ప్రాసెసర్‌కి."

ఓవర్‌క్లాకింగ్ చేస్తాట్ట. దానికి రెండున్నర వేలు పెట్టి పెద్ద కూలరు, గాలాడే కేబినెట్టు నాలుగు వేలు, కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి కొత్త పవర్ సప్లయ్ నాలుగున్నర వేలు. మొత్తం పదకొండు వేలు. అంటే మా అత్తయ్యగారి కూలర్ డబ్బు అటునించి అటే పోతుందన్నమాట.

మా వారిని అడిగితే పేపరు మడవకుండానే "వాడు చదువుకుంటున్నాడు కదా, వాడికే తెలుస్తుంది" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియెట్. అయినా పదకొండు వేలు ఇచ్చే ముందు అదేమిటో తెలుసుకోవద్దూ? "కూర్చో, నాకు అర్థమయ్యేలా చెప్పు. అర్థమైతేనే డబ్బు" అన్నాను. పాపం, రెండు రోజులు ఓపిగ్గా చెప్పాడు. నాకు తెలిసినంత మీకూ చెబుతాను.

కంప్యూటర్లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళ. అది గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. మాది రైజెన్ 5 5600. దాని గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్ అని కంపెనీ రాసింది. అంటే సెకనుకి 440 కోట్ల సార్లు! కంపెనీ రాసిన ఆ లెక్క దాటించి ఇంకా వేగంగా కొట్టించడమే ఓవర్‌క్లాకింగ్.

"కంపెనీ వాడే అంత అని రాస్తే నువ్వెలా దాటిస్తావురా?" అంటే, వాళ్ళు కొంచెం వెనకేసుకుని రాస్తారట. పెళ్ళికి రెండొందల మంది అంటే వంటాయన రెండొందల ఇరవై మందికి వండుతాడు చూడండి, అలాగన్నమాట. పూర్వం ఈ మిగులు బాగా ఉండేదట. 1998లో ఇంటెల్ వాళ్ళ సెలెరాన్ 300ఏ అనే చవక చిప్పుని 300 మెగాహెర్ట్జ్‌కి అమ్మితే, తెలిసిన కుర్రాళ్ళు దాన్ని 450 మీద నడిపేవారు. ఒకటికి ఒకటిన్నర! అది నిజంగా లాభసాటి బేరమే. నేనైనా చేసేదాన్ని.

ఇప్పుడు అలా లేదు. 2008 నుంచి ఇంటెల్ వాళ్ళు టర్బో బూస్ట్ అని పెట్టారు. ఏఎండీ వాళ్ళకీ అలాంటిదే ఉంది. చిప్పు తన వేడిని తనే చూసుకుని, సందు దొరికితే దానంతటదే వేగం పెంచుకుంటుంది. మిగిలిన ఇరవై విస్తళ్ళూ వంటాయనే వడ్డించేశాక ఇక మనం గిన్నె గోకడమే. పైగా ఇది అన్ని కంప్యూటర్లకీ కుదరదు. ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న చిప్పు, జెడ్ రకం మదర్‌బోర్డు ఉండాలి. ఆ ఒక్క అక్షరానికి ఎక్కువ డబ్బు. ఏఎండీలో చాలా రైజెన్ చిప్పులకి వీలుంది కానీ ఎ520 లాంటి చవక బోర్డుల మీద చెయ్యనివ్వరు. మాది బి రకం బోర్డు కాబట్టి కుదురుతుంది. కుదరకపోయినా బాగుండేదని మనసులో అనుకున్నాను.

ఇక వేడి సంగతి. వేగం పెంచితే చిప్పు తడబడుతుంది. తడబడకుండా వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ లెక్కలోకి రెండుసార్లు వస్తుందట. వేగం నూటికి పది, వోల్టేజీ నూటికి పది పెంచారనుకోండి, కరెంటు నూటికి పది పెరగదు, 33 దాకా పెరుగుతుంది. అదంతా వేడి రూపంలో గదిలోకే వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి ఎండల్లో గదిలో ఇంకో పొయ్యి వెలిగించడం అన్నమాట. బయటి దేశాల్లో ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరుస్తూ రికార్డులు కొడతారని వీడియో చూపించాడు. అది సున్నాకి దిగువన 196 డిగ్రీలు. మనకి కుండలో నీళ్ళు చల్లబడితే అదే పదివేలు.

కరెంటు బిల్లు నేను లెక్కేశాను. అదనంగా 50 వాట్లు, రోజుకి నాలుగు గంటలు, నెలకి ఆరు యూనిట్లు. పెద్ద మొత్తం కాదు, కానీ వేసవిలో ఆ ఆరు యూనిట్లే పై శ్లాబులోకి తోసేయచ్చు. దానికన్నా యూపీఎస్ సంగతి పట్టించుకోండి. ఇళ్ళల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తుంది. మా కంప్యూటర్ గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 310 దాకా లాగుతోంది. ఇంకో 50 కలిస్తే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా కుయ్యోమంటుంది.

ఇంత చెప్పించుకుని నేనొక షరతు పెట్టాను. "ముందు ఉన్న సామానుతోనే చేసి చూపించు. వారం గడువు. ముందెంత, తర్వాతెంత, ఈ పాల లెక్కల పుస్తకంలో రాయి. లాభం కనిపిస్తే డబ్బు నీదే."

ఆ మాట అన్నందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

మొదట 4.7 పెట్టాడు. తెర వెలగలేదు. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. "ఏం కాదమ్మా" అని వాడు కేబినెట్ విప్పి, మదర్‌బోర్డు మీదున్న బొత్తాం లాంటి బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టాడు. పాత లెక్కలన్నీ మర్చిపోయి మామూలుగా లేచింది. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, పిల్లలు కంప్యూటర్ పాడైపోయిందని ఏడుస్తుంటే చాలాసార్లు ఇంతే. వైరు పీకేసి ఈ పని చెయ్యాలి సుమండీ.

తర్వాత 4.6. అరగంట పరీక్ష పెడితే నెగ్గింది. "అయిపోయిందమ్మా!" అని కేకేశాడు. ఆ రాత్రి నాకు పెసరట్టు వెయ్యమని ఆర్డరు కూడా. మర్నాడు ఉదయం మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు టైపు చేసుకుంటుంటే నీలం తెర వచ్చి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్ళీ పెడితే ఆ ఫైలు తెరుచుకోలేదు. సోమవారం నాడు అప్పజెప్పాలి. మూడు రోజుల కిందట స్నేహితురాలికి పంపిన కాపీ ఉండబట్టి సరిపోయింది కానీ, ఆ తర్వాత రాసిన పదకొండు పేజీలూ పోయాయి. పిల్ల నోరెత్తి ఒక్క మాట అనలేదు. వంటింట్లోకొచ్చి నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. అన్నయ్యని అంటే ఇంట్లో గొడవని దాని భయం. నాకు కడుపు తరుక్కుపోయింది. గడువు పెట్టింది నేను. ఆ కంప్యూటర్ వాడు ఒక్కడిదే కాదన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

వాడూ తిండి తినలేదు. రాత్రి రెండింటిదాకా చెల్లెలు చదువుతుంటే వాడే కూర్చుని టైపు చేసిపెట్టాడు.

అరగంట పరీక్ష చాలదట. ప్రైమ్95 లాంటి ప్రోగ్రాములతో రాత్రంతా కఠినమైన లెక్కలు చేయించి, ఒక్క తప్పు రాకపోతేనే నమ్మాలి. అసలు ఆ ప్రోగ్రాము పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి పుట్టిందిట. నీలం తెర వస్తే కనీసం తెలుస్తుంది. తెర రాకుండా లెక్క తప్పితే ఫైళ్ళు చాటుగా చెడతాయి. పాలు విరిగితే కనిపిస్తుంది, నీళ్ళు కలిస్తే కనిపించదు కదా, అలాగ.

చివరికి 4.5 మీద రాత్రంతా నిలబడింది. మాములుగా 72 డిగ్రీలుండే వేడి 86కి వెళ్ళింది. ఇంకో నాలుగు డిగ్రీలైతే చిప్పు భయపడి తనే వేగం తగ్గించుకుంటుంది. ఇక పాల పుస్తకం తెరిచాం. సైబర్‌పంక్ అనే గేమ్‌లో సెకనుకి 62 బొమ్మలు వచ్చేవి. ఇప్పుడూ 62. ఎందుకంటే అందులో కష్టపడేది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కాదు. కూర తరిగేవాళ్ళు ఎంత వేగంగా తరిగినా పొయ్యి ఒకటే అయితే వంట ముందుకి జరగదుగా! వాలరెంట్ అనే గేమ్‌లో 230 నుంచి 234. "మరి మన మానిటర్ ఎన్ని చూపిస్తుందిరా?" అన్నాను. వాడు కాసేపాగి "144" అన్నాడు. నాకు నవ్వాగలేదు. లెక్క ఎక్కువుంటే బటన్ నొక్కగానే స్పందన కొంచెం త్వరగా ఉంటుందమ్మా అన్నాడు. అది నిజమేనట, కాదనను. కానీ నాలుగు బొమ్మల కోసం పదకొండు వేలా?

అసలు విశేషం ఈ గొడవలోనే బయటపడింది. రెండేళ్ళ కిందట 3200 వేగం అని కొన్న ర్యామ్, ఇన్నాళ్ళూ 2400 మీదే నడుస్తోంది! బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే దాన్ని ఆన్ చెయ్యాలిట. బిగించిన షాపతను చెయ్యలేదు, మాకు తెలియదు. మా చిప్పు 3200 దాకా తీసుకుంటుందని కంపెనీయే రాసింది కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు. అంతకు మించిన ర్యామ్ అయితే అదీ ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్క. ప్రాసెసర్‌ని మామూలు వేగానికి దించి, ఇది ఒక్కటి ఆన్ చేస్తే వాలరెంట్ 230 నుంచి 251కి వెళ్ళింది. పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లోనూ పిల్లల చేత ఇవాళే చూపించుకోండి. అలాగే 144 మానిటర్ కొని సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేసిన వాళ్ళూ ఉంటారట.

రెండోది, దుమ్ము. చిప్పు మీది ఫ్యాను కింద రెక్కల మధ్య దుమ్ము పరుపులా పట్టేసింది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదించి, మూడొందల యాభై పెట్టి కొత్త పేస్టు రాయించాను. 72 డిగ్రీలు 65కి దిగింది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మాత్రం లోపల పెట్టకండి, దాన్నుంచి పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకి మంచిది కాదట.

వారంటీ సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతే బాధ్యత మాది కాదని కంపెనీలు రాసే పెట్టాయి. వోల్టేజీ ఎక్కువైతే ఏమవుతుందో 2024లో లోకమంతా చూసింది. ఇంటెల్ 13, 14 తరాల చిప్పుల్లో అవసరానికి మించిన వోల్టేజీ వెళ్ళి, ఓవర్‌క్లాకింగ్ చెయ్యని వాళ్ళవి కూడా చెడిపోయాయి. కంపెనీ తప్పు ఒప్పుకుని, వారంటీ రెండేళ్ళు పెంచింది. వాళ్ళ తప్పు కాబట్టి పెంచారు. మన తప్పైతే ఎవరు పెంచుతారు?

అలాగని ఇది పనికిమాలిన విద్య అనడం లేదు నేను. ఆ వారంలో వాడు నేర్చుకున్నంత ఏ సెమిస్టర్లోనూ నేర్చుకోలేదనిపించింది. ఏసీ గది ఉండి, కంప్యూటర్ వాడొక్కడిదే అయి, పోతే పోయిందనుకోగలిగిన వాళ్ళు సరదాకి చేసుకోవచ్చు. నలుగురు వాడే కంప్యూటర్ మీద, నూటికి రెండు పాళ్ళ వేగం కోసం అయితే మా ఇంట్లో వద్దన్నాను. వాడూ మారు మాట్లాడలేదు. చెల్లెలి ఫైలు పోయినప్పుడే వాడి ముచ్చట సగం తీరిపోయింది.

అటక మీద మా వారి పాత కంప్యూటర్ ఉంది. పదిహేనేళ్ళ నాటిది, ఎవరికీ అక్కర్లేదు. "ఇదిగో, దీన్ని కాలుస్తావో కరిగిస్తావో నీ ఇష్టం" అని దింపించాను. ఇప్పుడు సాయంత్రాలు దాంతోనే కుస్తీ.

అత్తయ్యగారి గదికి తొమ్మిది వేల ఎనిమిదొందల్లో కూలర్ వచ్చింది. వచ్చిన మర్నాడే వీడు ఆ పాత డబ్బాని తెచ్చి నాయనమ్మ మంచం పక్కన పెట్టుకున్నాడు, చల్లగా ఉంటుందని. తడిగాలి తగులుతుందని దాన్ని గోడ మూలకి జరిపించాను. తొమ్మిదింటి తర్వాత టకటకమంటే ఊరుకోనని ఆవిడ షరతు. ఆవకాయ కొలతలు వచ్చే వారం తప్పకుండా రాస్తాను. ఆవపిండి మాత్రం ఇప్పుడే కొట్టించకండి.