పనికుక్కకు పని యేది?

గడ్డిఅన్నారమను పేరున గడ్డి యున్నది గాని నేలపై వెదకిన దొరకుట కష్టము. మేడను మేడ యొరసికొని లేచినది. 2021లో పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలింపబడగా, ఆ విశాల స్థలము ఆసుపత్రికి కేటాయింపబడినది. ఆసుపత్రి కావలసినదే, దానిని మేము కాదనము. కాని మనుష్యుని బిడ్డకే పరుగెత్త తావులేని యీ పేటలో, మూడవ అంతస్తు బాల్కనీలో పనికుక్కను కట్టివేయుట యే ధర్మమని మేమడుగుచున్నాము.

పనికుక్క యననేమి? జర్మను షెపర్డు గొఱ్ఱెల మందలను కాచుటకై పెంపబడిన జాతి. హస్కీ సైబీరియాలో చుక్చీ జనుల మంచుబండ్లను లాగిన జాతి. 1925లో అలాస్కాలోని నోము పట్టణమున డిఫ్తీరియా చెలరేగినప్పుడు, బండికుక్కల దళములు ఒకదాని వెంట నొకటి మందును గైకొని, సుమారు 1,085 కిలోమీటర్లు ఐదున్నర దినములలో దాటించినవి. తరతరములుగా రక్తమున నిండిన ఆ పరుగు, కొన్నవాడు వెల చెల్లించినంత మాత్రమున ఆరిపోవునా? రెండు పొరల బొచ్చుగల ఆ జీవమునకు 40 డిగ్రీల మన వేసవి మఱొక శిక్ష.

పని లేని కుక్క తలుపు గీరును, పరుపు చీల్చును, రేయెల్ల మొరుగును, తుదకు కరచును. యజమాని దానిని పొగరుబోతనును. పొరుగువారు ఫిర్యాదు చేయుదురు. ఒకనాటి రాత్రి అది వీధిపాలగును. నేరమెవరిది? శిక్ష యెవరికి?

స్వదేశి జాతులను పెంచుడని కొందరందురు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రియు రేడియో ప్రసంగమున దేశీయ జాతులను ప్రశంసించిరి. మంచిదే. కాని మన కొల్లేటి జోనంగి బాతుల మందలను తోలు కుక్క. దానికిని పొలము కావలయును. గొలుసునకు స్వదేశి విదేశి భేదము లేదు.

చట్టము లేకపోలేదు. ఎప్పుడును కట్టియుంచిన కుక్కకు తగిన వ్యాయామము కల్పింపని యజమాని నేరస్థుడని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టపు 11వ సెక్షను చెప్పుచున్నది. తొలి నేరమునకు శిక్ష యెంత? 10 రూపాయలు మొదలు 50 రూపాయల జరిమానా! కుక్క మెడపట్టీ వెలకైనను చాలని యీ దండనకు ఎవడు జంకును?

మొయినాబాదులోని పోలీసు శిక్షణాలయమున కుక్కకే గాక దానిని నడుపు మనిషికిని శిక్షణ యిత్తురు. గృహస్థుడు ఆ మర్మమును గ్రహించుగాక. ఉదయసాయంత్రములు దానితో పరుగెత్తగలవాడు, వాసన పట్టుటయో వస్తువు తెచ్చుటయో దాని బుద్ధికి నిత్యము పని చెప్పగలవాడు మాత్రమే కొనవలయును. అమ్మువాడు ధర చెప్పుటకు ముందు ఇంటి వైశాల్యమును, యజమాని తీరికను అడుగవలయును. శాసనకర్తలు జరిమానాను పెంచవలయును. నగరపాలకులు పేటకొక పరుగుదొడ్డి నేర్పరుపవలయును. ఇవి యేవియు లేనినాడు కొనకుండుటయే దయ. మన ముచ్చటకొఱకు మూగజీవమును ఖైదు చేయు హక్కు మనకెవ్వరును ఈయలేదు.