కవలలా? అయితే వారానికో సూది!

మా గౌడవెల్లి, మేడ్చల్ వైపు కవలలని స్కానింగులో తేలగానే చాలామందికి దొరికే మాట "ప్రొజెస్టిరాన్ వాడాలమ్మా". మా వదినకీ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వారానికో సూది రాసిచ్చారు. ఎందుకంటే "కవలలు కదా, ముందే కాన్పు కాకుండా" అన్నారట. భయం నిజమే. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. నాకు మింగుడు పడనిది మందు సంగతే.

గర్భసంచిని కుదురుగా ఉంచే హార్మోను ఇది. 2003లో అమెరికాలో, అంతకు ముందు నెలలు నిండకుండా కని, ఈసారి ఒకే బిడ్డని మోస్తున్నవాళ్ళకి ఈ సూది వేసి చూశారు. ముందస్తు కాన్పులు ఉత్తుత్తి సూది వేసినవాళ్ళలో 55 శాతం, మందు వేసినవాళ్ళలో 36 శాతం. ఇంకేం, కవలలకీ పనిచేస్తుందనుకున్నారు. 2007లో 661 మంది కవలల తల్లుల మీద చూస్తే, 35 వారాల లోపు కాన్పవడమో, బిడ్డ పోవడమో జరిగింది మందు వాడినవాళ్ళలో 41.5 శాతం, వాడనివాళ్ళలో 37.3 శాతం! 2009లో బ్రిటన్ లో 500 మందికి జెల్ ఇచ్చి చూసినా అంతే, లాభం లేదు. ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళ మీద మళ్ళీ చేసిన ప్రయోగంలో కూడా ఆ సూది పనిచేయలేదు. 2023 ఏప్రిల్ లో అమెరికా ఎఫ్‌డీఏ దాని అనుమతే రద్దు చేసింది. మా భాషలో చెప్పాలంటే, ఒక సర్వర్ లో పనిచేసిందని అన్ని సర్వర్లకీ పేచ్ ఎక్కించేశాం.

మరి కవలల తల్లులెవరికీ ఇది పనికిరాదా? అలా కాదు. సెర్విక్స్ పొడవు 25 మిల్లీమీటర్లకి మించనివాళ్ళకి లోపల పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మేలు చేస్తుందని, 2017లో పాత ప్రయోగాల లెక్కలన్నీ కలిపి చూస్తే తేలింది. నేను డాక్టర్ని కాను, నా మాట విని మందు ఆపకండి. కానీ "సెర్విక్స్ కొలిచారా? ఎంతుంది?" అని అడగండి.

అసలు ప్రాణాలు కాపాడేది వేరే ఉంది. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపించినప్పుడు తల్లికిచ్చే చౌకైన స్టెరాయిడ్ సూది, డెక్సామెథసోన్. మనదేశం కూడా ఉన్న 2020 నాటి ప్రయోగంలో పసికందుల మరణాలు దీనివల్ల 23.5 శాతం బదులు 19.6 శాతమే. అయితే ఇది పసిపిల్లల వైద్యం బాగా ఉన్న ఆసుపత్రుల్లో వచ్చిన ఫలితం. అర్ధరాత్రి నొప్పులొస్తే గాంధీకా, నీలోఫర్ కా, ఎవరు తీసుకెళ్ళాలి, 108కి ఎవరు ఫోన్ చెయ్యాలి అన్నది ఏడో నెలకి ముందే ఇంట్లో తేల్చుకోవాలి. "సూది వేయిస్తున్నాం కదా" అన్న ధీమా ఈ పనిని వాయిదా వేయిస్తుంది. నా అసలు అభ్యంతరం అదే.